ఖాళీగా తిరిగిరాని డబ్బాలు

పాలకొల్లు బస్టాండు వెనక సందులో మీనాకుమారి కర్రీ పాయింటు. ఆ శుక్రవారం పొద్దున్న బెండకాయలు తరిగి ఉన్నాయి, పప్పు కడిగి ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు. వండితే సరా, పోసివ్వడానికి డబ్బా ఉండొద్దూ? గోడవారనున్న అల్మారా బోసి నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది. అందులో ఉండాల్సిన స్టీలు డబ్బాలన్నీ ఊళ్లో ఇళ్లల్లో ఉన్నాయి. నిన్న సాయంత్రానికే తిరిగి రావాలి. ఒక్కటీ రాలేదు.

చెత్త తగ్గించడానికి దేశం మొత్తానికి ఒక ప్రణాళిక రాస్తున్నారట. వాడి పారేసే కవర్ల బదులు, ఇళ్లకు వెళ్లి మళ్లీ కొట్టుకి తిరిగొచ్చే డబ్బాలు జనంలో చెల్లుతాయా లేదా అని చూడ్డానికి ఎంచుకున్న కొట్లలో మీనాకుమారిదీ ఒకటి. ఢిల్లీ ఆఫీసు నుంచి ఉషారాణిగారు ఇవాళే వస్తున్నారు. డబ్బాలు సరిగ్గా తిరిగి రావడం లేదని తేలితే ఆఫీసువాళ్లు వాటిని ఇంకో ఊరికి పంపేస్తారు. కవర్లలో కూర కట్టడం ఊళ్లో ఎలాగూ ఆగిపోయింది. అంటే కొట్టుకి తాళమే.

ఫోను మోగింది. "చించినాడ వంతెన దాటామండి, దారిలో ఒకచోట ఆగి పన్నెండింటికల్లా మీ కొట్టుకొస్తాం," అన్నాడు ఆవిడ కారు డ్రైవరు.

మీనాకుమారి వెంటనే రోజూ కూర కొనే సూర్యకళకి ఫోను కొట్టింది. "పిన్నిగారూ, మా డబ్బా?"

"పంపుతానే తల్లీ! ఖాళీ గిన్నె ఎలా పంపను చెప్పు? అందులోనూ శుక్రవారం. బూరెలు వేగుతున్నాయి. ఆ ఢిల్లీ ఆవిడ మూత తీసి చూస్తారంట కదా!"

"ఎవరన్నారు?"

"ఇంకెవరు? మీ బాబాయే. ఎవరి డబ్బా ఖాళీగా వచ్చిందో పేర్లు మైకులో చదువుతారంట!"

మీనాకుమారి మెల్లగా వెనక్కి తిరిగింది. సత్తిరాజు బాబాయి చదువు అయిదో తరగతిలో ఆగింది గానీ నోరు ఇప్పటిదాకా ఆగలేదు. కూరలు ఇళ్లకు చేర్చే మోపెడు మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు అద్దం తుడుస్తున్నాడు.

"బాబాయ్!"

"సరదాగా అన్నానే అమ్మడూ. సూర్యకళ ఒక్కదాంతోనే అన్నాను."

"ఆవిడతో అంటే చాలదూ? వీధి వీధంతా పిండి కలుపుతోంది! నా కొట్టు పోతే నీ సరదా తిని బతకాలా నేను?"

సత్తిరాజు మొహంలో నవ్వు ఆరిపోయింది. డబ్బాలు పోగుచేసుకురావడానికి మోపెడు కిక్కు కొట్టాడు.

అతను ఒక్కో సంచీ మోసుకొస్తుంటే అల్మారా నిండుతోంది. ఆఖరి సంచీ దించేసరికి కారు ఆగనే ఆగింది. ఉషారాణిగారు లోపలికొచ్చి ఒక డబ్బా మూత తీశారు. బూరెలు. ఇంకోటి తీశారు. పులిహోర. మూడోదాంట్లో ముక్కల పులుసు పొగలు కక్కుతోంది.

"ఇవి తిరిగొచ్చిన లెక్క కాదండీ," అన్నారామె. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "డబ్బా రావాలి, నా కళ్లముందే మళ్లీ బయటికెళ్లాలి. నిండా ఉన్నదాంట్లో మీరు కూర ఎలా పోస్తారు?"

ఈలోగా గుమ్మం దగ్గర మధ్యాహ్నం బేరాలు మొదలయ్యాయి. ముందు నిలబడ్డది పక్క బ్యాంకులో పనిచేసే వినయ్. "అక్కా, ఏం కూరలున్నాయి?"

కూరలా! మీనాకుమారి చూపు వెలిగించని పొయ్యి మీద పడింది. అక్కణ్నుంచి అల్మారా మీదికి మళ్లింది. చెయ్యి చాచి పులుసు డబ్బా అందుకుంది.

"ఇవాళ మా వంట లేదు వినయ్. మన వీధిలో దేవకుమారి గారు పంపిన ముక్కల పులుసు. ఇంకా వేడిగా ఉంది. తీసుకెళ్లు."

వినయ్ వాసన చూశాడు. "రోజూ ఆవిడే వండకూడదా అక్కా?" అంటూ పట్టుకుపోయాడు. వెనకున్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. పులిహోర ఒకరికి, బూరెలు ఇంకొకరికి. ఉషారాణిగారు చేతులు కట్టుకుని, బయటికి వెళ్లే ప్రతి డబ్బానీ గుమ్మం దాటేవరకూ చూస్తూనే ఉన్నారు. ఆమె ఏం అంటారోనని ఓరగా చూసుకుంటూ మీనాకుమారి డబ్బాలు అందిస్తోంది.

అల్మారాలో చివరికి రెండు డబ్బాలు మిగిలాయి. ఉషారాణిగారు ఒకదాని మూత తీశారు. లోపల ఏమీ లేదు. తళతళలాడుతోంది.

"ఇది ఎవరిదండీ?"

సత్తిరాజు తల గోక్కున్నాడు. "నాదేనండి. ఒంటికాయ సొంఠికొమ్ముని. నాకు వండిపెట్టేదెవరు?"

"మా రూలు ప్రకారం సరిగ్గా తిరిగొచ్చింది మీదొక్కటే," అన్నారామె. మొదటిసారి పెదవి చివర కదిలింది. "ఆ రూలు రాసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరింటి నుంచీ గిన్నె అరువు తెచ్చుకుని తిరిగిచ్చినట్టు లేరు. అది నేను మార్చి రాస్తాను. డబ్బాలు ఇక్కడే ఉండనివ్వండి."

మీనాకుమారి బల్లకి ఆనుకుంది. మిగిలిన డబ్బా ఉషారాణిగారి చేతిలో పెట్టింది. సూర్యకళ బూరెలు.

"మేడం," అన్నాడు సత్తిరాజు, మళ్లీ పాత గొంతుతో, "తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా తెస్తే మాత్రం మైకులో..."

బల్ల మీది గరిటె మీనాకుమారి చేతిలో గాల్లోకి లేచింది. అతను మోపెడు వెనక్కి దూకాడు.