కంటి ఎత్తు

అన్నయ్య పోయిన ఏడాదికి వదిన ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో అన్నయ్య హార్డ్ డిస్కు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి.

"మీ అన్నయ్య చేసిన విమానం కొత్త సిమ్యులేటర్‌లో తెరుచుకోవట్లేదట. ఎవరెవరో అడుగుతూనే ఉన్నారు. ఆ పని నువ్వైతే చెయ్యగలవు," అంది.

సిమ్యులేటర్ అంటే కంప్యూటరు ముందు కూర్చుని విమానం నడిపే ఆట. ఆట అన్నానని తెలిస్తే అన్నయ్య నా చెవి మెలేసేవాడు. నేను పుట్టకముందు, యుద్ధకాలంలో ఆ రకం విమానాలు మొత్తం పదకొండే తయారయ్యాయి. ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. పాత డ్రాయింగులు, మసకబారిన ఫోటోలు, నాన్న చెప్పిన మాటలు పెట్టుకుని అన్నయ్య నాలుగేళ్ళు కూర్చుని దాన్ని తయారుచేసి, ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. నాన్న ఆ యుద్ధంలో ఆ విమానం నడిపిన పైలట్. మా ఇంట్లోనే కాదు, మా వీధి వీధంతా ఎరిగిన సంగతి అది. చిన్నప్పుడు నేనే ఊదరగొట్టాను.

అన్నయ్య చేసిన విమానాన్ని మొదటిసారి తెర మీద చూసినప్పుడు నాన్న, "సరిగ్గా ఉందిరా," అన్నాడు. నాకు యాభై ఏళ్ళొచ్చాయి, ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు. నాది కళ్ళద్దాల షాపు. నేను చేసిచ్చిన అద్దాలు పెట్టుకుని కూడా "పర్లేదు" అని ఊరుకున్నాడు. వదిన తెచ్చిన పెట్టెను నేను పుచ్చుకున్నది ఆ ఒక్క మాట కోసం. సిగ్గుగా ఉన్నా నిజం అదే.

నాలుగు నెలల ఆదివారాలు ఆ పనికే పోయాయి. కొత్త సిమ్యులేటర్‌కి పాతదేదీ నచ్చదు. తెరిస్తే రెక్కల రంగు నల్లబడింది, చక్రాలు నేలలో కూరుకుపోయాయి, గేజీల ముళ్ళు వెనక్కి తిరిగాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి మొరాయించేది. అన్నీ దారికొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఒక్కటి మిగిలింది. సీట్లో కూర్చుంటే రన్‌వే కనపడదు. గేజీల పలక, దాని పైన చారెడు ఆకాశం, అంతే. అన్నయ్య పైలట్ కంటిని, అంటే మనకి తెర మీద దృశ్యం కనపడే చోటుని, ఉండాల్సిన దానికంటే జానెడు కిందకి పెట్టాడు. వాడినవాళ్ళంతా పన్నెండేళ్ళుగా ఆ తప్పే ఎత్తిచూపుతున్నారు. అన్నయ్య ఒక్కరికీ జవాబివ్వలేదు. నోటుపుస్తకంలో మాత్రం ఎర్ర సిరాతో, "కంటి ఎత్తు ఇంతే. మార్చొద్దు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

నాకు ఒళ్ళు మండింది. పోయాక కూడా నా మీద పెత్తనమేనా అనుకున్నాను. రోజూ పదిమంది కంటి ఎత్తు కొలిచి అద్దం మీద చుక్క పెట్టేవాణ్ణి నేను. ఆ చుక్క రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే మనిషి మెట్లు దిగేటప్పుడు తడబడతాడు. అలాంటిది జానెడు తేడా చూస్తూ ఎలా ఊరుకుంటాను?

డ్రాయింగులు పరిచాను. ఆ విమానంలో సీటంటే ఉత్త రేకు డొప్ప. పైలట్లు పారాచ్యూట్ మూటను నడుం కిందకి కట్టుకుని, దాని మీదే కూర్చునేవారు. మూట మందం కలిపి లెక్కవేస్తే పోయిన జానెడూ దొరికింది. అంటే అన్నయ్య మూటను మర్చిపోయాడు. అంత పెద్దమనిషి తప్పులో కాలేశాడని నాకెంత సంబరమైందో చెప్పకపోవడమే మంచిది. కంటిని పైకి జరిపాను. రన్‌వే బారుగా కళ్ళెదుట పరుచుకుంది.

నాన్న ఉండేది నా దగ్గరే. ఎనభై దాటాయి. అన్నయ్య పోయాక ఆ విమానం ఊసెత్తలేదు. మర్నాడు పొద్దున్నే బతిమాలి తీసుకొచ్చి తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది కాదురా," అన్నాడు.

"ఏది కాదు నాన్నా?"

"ఇంత కనపడకూడదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మూట మందంతో సహా కొలిచాను నాన్నా. అన్నయ్య చేస్తే ఒప్పు, నేను చేస్తే తప్పా? ఏ పైలట్‌నైనా పిలిచి అడుగు."

"పైలట్‌కి ఇది సరిపోతుంది," అన్నాడు నాన్న నెమ్మదిగా. "నాకు మూట ఇవ్వలేదురా."

నాకు అర్థం కాలేదు. నాన్న తెర వైపే చూస్తూ చెప్పాడు.

"మూట ఎగిరేవాళ్ళకిస్తారు. నేను మెకానిక్‌ని. పొద్దున్నే చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, ఉత్త డొప్పలో కూర్చుని ఇంజను తిప్పేవాణ్ణి. చప్పుడు బావుంటే పుస్తకంలో సంతకం పెట్టి దిగేవాణ్ణి. నా సంతకం లేకుండా పైలట్ ఎక్కడు. ఆ సీట్లోంచి నాకు కనిపించింది ఈ గేజీలు, ఆ కాస్త ఆకాశం. రన్‌వే కనపడేది కాదు."

"మరి మేమంతా పైలట్ అని..." అన్నాను.

"నువ్వు మూడో క్లాసులో ఉండగా బడి గేటు దగ్గర నీ స్నేహితులకి చెబుతున్నావు. నిన్ను తీసుకెళ్ళడానికొచ్చి విన్నాను. నీ మొహం వెలిగిపోతోంది. కాదనడానికి నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి." నోటుపుస్తకం వైపు చూశాడు. "మీ అన్నయ్య ఆ కొలతా ఈ కొలతా అడిగి పట్టేశాడు. తమ్ముడికి చెప్పనులే నాన్నా అన్నాడు."

నేను నోటుపుస్తకంలోని ఎర్ర గీతలు చూస్తూ కూర్చున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు పన్నెండేళ్ళు తప్పు తప్పు అంటుంటే అన్నయ్య ఆ మాటలన్నీ పడ్డాడు. ఒక్క ముక్క రాస్తే అందరి నోళ్ళూ మూతపడేవి. రాయలేదు. నాన్న చూసింది చూసినట్టు ఉండాలి, నేను చెప్పుకున్న గొప్ప చెడకూడదు అనుకున్నాడు. అలాంటి మనిషి తప్పు చేశాడని సంబరపడ్డాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత పని పావుగంటలో అయిపోయింది. పైలట్ కన్ను ఉన్నచోటే ఉంచి, అన్నయ్య పెట్టిన కన్నును దాని కింద రెండోదిగా పెట్టాను. ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. రెండోదానికి పేరు పెట్టాల్సి వచ్చింది.

"మెకానిక్ సీటు అని రాయనా నాన్నా? వాడేవాళ్ళందరికీ కనిపిస్తుంది."

నాన్న అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "రాయి," అన్నాడు చివరికి.

రాసి, ఆ సీటుకి మార్చాను. రన్‌వే కిందకి జారిపోయింది. గేజీలు, చారెడు ఆకాశం మిగిలాయి. నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. నేనేమీ చెప్పకుండానే ఇంజను స్టార్టు చేశాడు. ఆయిల్ వేడెక్కేదాకా ఆగాడు. థ్రాటిల్ తోసి ఇంజను వేగం పెంచి, ఒక స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు, ఇంకోటి ఆపి మళ్ళీ వేశాడు, వేగం ముల్లు ఎంత పడుతుందో చూసుకున్నాడు. కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాడు.

ఇంజను ఆపలేదు. నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని, నా జేబులోంచి పెన్ను తీసుకుని, అన్నయ్య ఎర్ర గీతల కింద తేదీ, టైము వేసి సంతకం పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి పక్కకి తప్పుకున్నాడు.

"సరిగ్గా ఉందిరా," అన్నాడు. "ఎక్కు. చెక్కలు నేను తీస్తాను."