తాళం ఇచ్చే ముందు అడిగే మాట

"నిద్రపోయావా?"

ఆ రేవులో క్రేను తాళం చేతులు మారే ముందు ఈ మాట అడగాలి. దిగేవాళ్ళు అడుగుతారు, ఎక్కేవాళ్ళు కళ్ళలోకి చూసి చెప్పాలి. పోయానంటే తాళం చేతిలో పడుతుంది. లేదంటే ఎక్కవలసిన మనిషి మారుమాట్లాడకుండా ఆపరేటర్ల గదికి వెళ్ళి, అక్కడున్న పొడుగాటి బల్ల మీద పడుకుంటాడు. దిగవలసిన మనిషి మళ్ళీ పైకెక్కుతాడు. ఆ పూట డబ్బులు పడుకున్నవాడికి పోతాయి, పైన కూర్చున్నవాడికి వస్తాయి. రాత్రంతా ఏం వెలగబెట్టావని ఎవరూ అడగరు. మిగతా అన్ని విషయాల్లోనూ ఒకరినొకరు ఏడిపించుకుని చంపే ఆ మనుషులు ఈ ఒక్క దగ్గర మాత్రం నవ్వరు, అబద్ధం ఆడరు.

ఈ పద్ధతి కంపెనీ పెట్టింది కాదు. అక్క వాళ్ళ నాన్న పెట్టింది.

రేవులో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. వాళ్ళ నాన్న అక్కడే క్రేను నడిపాడు. ఒకరోజు పని దిగుతూ, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చిన తోటి ఆపరేటరుకు తాళం ఇచ్చేసి ఇంటికెళ్ళిపోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయని చూశాడు. అడగలేదు. అడిగితే మళ్ళీ ఎక్కాల్సొస్తుంది, ఇంట్లో వేడన్నం చల్లారిపోతుంది. గంట తిరక్కుండా పైనున్నవాడు కునుకు తీశాడు, కంటైనరు లారీ క్యాబిన్ మీదకి దిగింది. డ్రైవరు అందులోనే ఉన్నాడు. నాన్న మీద ఎవరూ ఈగ వాలనివ్వలేదు, కేసులో ఆయన పేరే లేదు. కానీ ఆ రోజు నుంచి, పని మానేసేదాకా, ఆ మాట అడక్కుండా ఒక్కసారి కూడా తాళం ఇవ్వలేదాయన. చూసి చూసి మిగతావాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. లారీ మీద సరుకు దించేటప్పుడు డ్రైవరు కిందకి దిగి, పక్కన పసుపు గీతలు గీసిన చోట నిలబడాలన్న నియమం కూడా అప్పుడు వచ్చిందే.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ పని అక్కది. పధ్నాలుగు అంతస్తుల ఎత్తున, కాళ్ళ కింద అద్దం వేసిన క్యాబిన్‌లో కూర్చుని, మెడ వంచి కిందకి చూస్తూ ఎనిమిది గంటలు. మెడ ఉందన్న మాటేగానీ అది ఎప్పుడో ఆమె చెప్పుచేతల్లోంచి పోయింది. జీతం మాత్రం బాగానే వస్తుంది. యూనియన్ పుణ్యమా అని గంటకింత, ఎత్తుకింత, పండగపూట పనిచేస్తే రెండింతలు. ఆ సంగతి ఇంట్లో ఎవరికి పట్టింది? వాళ్ళమ్మ ఇరుగుపొరుగుతో "మా అమ్మాయి పోర్టులో ఏదో చేస్తుందండీ" అని గొంతు తగ్గించి చెప్పి, ఆ వెంటనే "మా అబ్బాయి పైలట్టు" అని వీధి చివరిదాకా వినబడేలా అంటుంది.

అనదు మరి? ఎనిమిదేళ్ళు చిన్నవాడు తమ్ముడు. తెల్లచొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు, చక్రాల పెట్టె లాక్కుంటూ మెట్లు దిగుతుంటే ఎదురింటివాళ్ళు కిటికీలు తీసి చూస్తారు. ఎడమ సీట్లో కెప్టెన్ కూర్చుంటే, పక్కన కుడిసీట్లో కూర్చునే రెండో పైలట్టే అయినా ఇంట్లో వాడి పేరు కెప్టెన్. వాడి విమానం సాయంత్రం ఆరున్నరకి వాళ్ళ మేడ మీదుగా పోతుంది. వాడికి డ్యూటీ ఉన్న ప్రతి సాయంత్రం అమ్మ మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి మేడెక్కి చూస్తుంది.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ బిల్లు వచ్చినా తీసుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టడం. హోటల్లో తిన్నారా, బిల్లు కెప్టెన్ దగ్గరికి. అమ్మ కంటి ఆపరేషనా, కెప్టెన్. కొత్త ఫ్రిజ్జా, కెప్టెన్. అక్క కూడా తక్కువేం తినలేదు. "నీకేంరా మహారాజా, గాల్లో తేలుతూ సంపాదిస్తావు. మేం తాడు పట్టుకుని వేలాడాలి" అనేది. ఆ మాటలో సరదా సగమే. మిగతా సగం చిన్నప్పటి నుంచి కడుపులో దాచుకున్న ఉక్రోషం. వాడు నవ్వి జేబులో చెయ్యి పెట్టేవాడు.

ఆ రోజు అక్క ఎప్పుడూ ఎక్కే క్రేనుకు ఇనప తాళ్ళు మారుస్తున్నారు. అందుకని రేవుకు ఆ చివరనున్న క్రేను మీదకి పంపారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇంకో అరగంటలో దిగిపోవచ్చు. కింద ట్రైలరు లారీలు వరసగా వస్తున్నాయి, ఓడలోంచి తీసిన కంటైనర్లను ఒక్కొక్కదాని మీద పెడుతోంది.

ఒక నీలం లారీ వచ్చి ఆగింది. ఇరవై టన్నుల పెట్టె దాని మీదకి జరిగి గాల్లో ఆగింది. డ్రైవరు దిగలేదు.

అక్క హారన్ కొట్టింది. దిగలేదు. చెవులు చిల్లులు పడేలా ఇంకోసారి కొట్టింది. లారీ తలుపు కదలలేదు. "ఏమైంది వీడికి, చచ్చాడా ఏంటి?" అని వైర్లెస్‌లో అరిచింది. కింద సైగలు చేసే విజిల్ బాబాయి, నోట్లోంచి ఈల తియ్యడు గనక అందరూ ఆ పేరే పెట్టారు, పరిగెత్తుకెళ్ళి తలుపు దబదబా బాదాడు. తలుపు తెరుచుకుంది. ఒక మనిషి సగం నిద్రలోంచి కిందకి జారి, రెండడుగులు తూలి, పసుపు గీతల్లోకి వచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ తీసి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

అలా ముంజేయి కాకుండా మోచేత్తో మొహం తుడుచుకునే మనిషిని అక్క జీవితంలో ఇద్దరినే చూసింది. ఒకరు నాన్న. ఆయన పోయాడు.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో పిడి, పిడికి ఇరవై టన్నులు, కింద తోడబుట్టినవాడు. వాడింకా లారీలోనే ఉన్నాడని చూసుకోకుండా దించి ఉంటే? పిడి వదిలి, చేతులు తొడల కింద పెట్టుకుని, పది అంకెలు లెక్కపెట్టుకుంది. తర్వాత పెట్టెను చిన్నపిల్లను పడుకోబెట్టినట్టు దించింది.

"బాబాయ్, ఆ నీలం లారీని పక్కకి పెట్టించు. వాణ్ణి ఎక్కడికీ పోనివ్వకు. వస్తున్నా."

రెండింటికి ఆమె స్థానంలోకి గుండు వచ్చాడు. నెత్తి మీద వెంట్రుక లేని పెద్దమనిషి.

"నిద్రపోయావా?"

"ఎనిమిది గంటలు అక్కా. మా ఆవిడ ఊళ్ళో లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది."

తాళం ఇచ్చేసి దిగింది. వేరే రోజైతే నవ్వేదే.

తమ్ముడు ఆపరేటర్ల గదిలో బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు, గడ్డం మాసి ఉంది. అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నువ్వా పైనున్నది? ఈ చివరకి ఎప్పుడూ రావుగా!"

"రాననేగా ఈ చివర లారీ ఎక్కావు. ఎన్నాళ్ళ నుంచి?"

వాడు నీళ్ళు నమిలాడు. "ఐదు నెలలు. సెలవు రోజుల్లో. నాన్న నేర్పించినప్పటి లైసెన్సు ఉందిగా."

"నిన్న సాయంత్రమే లారీ ఎక్కావా? అమ్మతో విమానం మీద వెళ్తున్నానని చెప్పి?"

వాడు తలూపాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకురా నీకీ గాడిద చాకిరీ? పైలట్టువి! పేకాట ఆడుతున్నావా? ఎవరికైనా దోచిపెడుతున్నావా?"

వాడు ఫోన్ తీసి, జీతం చీటీ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. అక్క చదివింది. తప్పు చదివానేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఇది వారానిదా?"

"నెలది."

"ఇది... ఇది నా దాంట్లో సగం కూడా లేదు."

"తెలుసు. నీ జీతమెంతో ఒకసారి అమ్మ చెప్పింది. మూడేళ్ళ నుంచీ తెలుసు." వాడు మళ్ళీ కూర్చున్నాడు. "మాకు ఎగిరిన గంటలకే డబ్బులక్కా. విమానాశ్రయంలో కూర్చున్న గంటలకి లేదు, వేరే ఊళ్ళో హోటల్లో పడిగాపులు పడ్డందుకు లేదు. ఈ ఏడాది విమానాలు తగ్గించారు. కొత్తవాళ్ళకి మిగిలిపోయిన గంటలే వేస్తారు. నువ్వు విన్న పెద్ద జీతాలు అబద్ధమేం కాదు, కెప్టెన్లకి నిజంగానే వస్తాయి. ఎడమ సీట్లోకి వెళ్తే నాకూ వస్తాయి. ఎప్పుడు వెళ్తానో తెలీదు. అందాకా ఈ లారీ మీద ఒక రాత్రి తోలితే, అక్కడ రెండు రోజులు ఎగిరినంత వస్తుంది."

"మరి చెప్పి చావచ్చుగా!"

"ఎలా చెప్పను? మీరందరూ నవ్వుతూ బిల్లు నా ముందు పెడితే, నా దగ్గర లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అమ్మ మేడెక్కి చూస్తుంటే?"

అక్కకు పోయిన నెల అమ్మ పుట్టినరోజు భోజనం గుర్తొచ్చింది. ఆ రోజు వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె చూసింది. చూసి, ఏమీ అడక్కుండా, బిల్లున్న పళ్ళేన్ని వేలితో వాడి వైపు జరిపింది. నాన్న చేసిన పనే, అచ్చంగా అదే. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వాడు వాచీ చూసుకుని లేచాడు. "ఐదింటికల్లా అక్కడుండాలి. ఆరున్నర విమానం. స్నానం చేసి, ఒక గంట నడుం వాలిస్తే చాలు."

అక్క వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నిద్రపోయావా?"

"అక్కా, అది మీ క్రేను మాట."

"అడిగినదానికి చెప్పు."

"పోయాను. లారీలో."

"చూశాన్లే. నీ నెత్తిన ఇరవై టన్నులు పెట్టుకుని పోయావు."

"పక్కన కెప్టెన్ ఉంటాడే. ఆయన చూసుకుంటాడు."

"కింద ఈల వేసేవాడు ఉన్నాడు కదా అని నాన్నా అనుకున్నాడు."

వాడు గోడకు చేరబడ్డాడు. "ఆఖరి నిమిషంలో రానంటే ఈ పూట డబ్బులు పోతాయి, అది సరే. ఎడమ సీటు శిక్షణకి వచ్చే నెల పేర్లు తీస్తున్నారు. నిద్ర లేదని రాయించుకున్నవాడి పేరు ముందుంటుందా? ఇంకో రెండేళ్ళు వెనక్కి పోతానక్కా. రెండేళ్ళు."

అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. ఏం పర్వాలేదని చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే పర్వా ఉంది. వాడి భుజం మీద చెయ్యి వేసింది. గ్రీజు చొక్కా కింద ఎముకలు తగిలాయి.

"క్రేను తాళమైతే నేను ఇచ్చేదాన్ని కాదు. నీ తాళం నా చేతిలో లేదురా. నీ దగ్గరే ఉంది. వెళ్తానంటే అడ్డం తప్పుకుంటాను. కానీ నా కళ్ళలోకి చూసి చెప్పి వెళ్ళు. ఎంతమంది ఎక్కుతారు ఆ విమానం?"

"నూట ఎనభై."

"నిద్రపోయావా?"

వాడు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముప్పై నాలుగేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

"లేదక్కా."

ఆమె పక్కకి తప్పుకోలేదు. వాడే ఫోన్ తీశాడు. డ్యూటీలు వేసే ఆఫీసుకి చేసి పేరు, నంబరు చెప్పాడు. "ఈ సాయంత్రం నేను ఎగరడానికి పనికిరాను" అన్నాడు. అవతల కారణం అడిగినట్టున్నారు. జలుబని చెప్పొచ్చు, కడుపునొప్పని చెప్పొచ్చు. ఆ గదిలో నిలబడి చెప్పలేకపోయాడు కాబోలు.

"నిద్రపోలేదు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి బల్ల మీద ఒరిగాడు. బూట్లు కూడా విప్పలేదు, అంతలోనే ఒళ్ళెరక్కుండా నిద్రపోయాడు. అక్క బూట్లు విప్పి, తన కోటు మడిచి తల కింద పెట్టింది. విజిల్ బాబాయి తొంగిచూసి, ఈల నోట్లోంచి తీసి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. అక్క ఇంటికి వెళ్ళకుండా అక్కడే కూర్చుంది. మధ్యలో ఎవరైనా లోపలికొస్తే వేలు పెదవుల మీద పెట్టి బల్ల చూపించింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆరూ ముప్పై ఐదుకి అమ్మ ఫోన్ చేసింది. మేడెక్కిన ఆయాసం గొంతులో తెలుస్తోంది.

"ఇప్పుడే వెళ్ళిందే మనవాడి విమానం! ఎంత తిన్నగా వెళ్ళిందనుకున్నావు. లైట్లు కూడా కనబడ్డాయి."

అక్క తమ్ముడి వైపు చూసింది. అవునమ్మా అంటే సరిపోతుంది. ఐదు నెలలుగా వాడలాగే సరిపెట్టాడు.

"అందులో వాడు లేడమ్మా. ఇక్కడ రేవులో ఉన్నాడు. బల్ల మీద."

మేడ మీది గాలి ఒక్కటే ఫోన్లో హోరుమంటోంది. ఆ బల్ల ఏ బల్లో అమ్మకు వేరే చెప్పాలా? నాన్న ఆ రోజు వేడన్నం ముందు కూర్చుని ఉండగా కబురొచ్చింది. విస్తరి ముందు నుంచి లేచిన మనిషి మళ్ళీ ఎప్పుడూ కంటినిండా నిద్రపోలేదు. పాతికేళ్ళు ఆయన పక్కన పడుకున్నది అమ్మే.

"లేదని చెప్పాడా?" అంది చివరికి.

"చెప్పాడమ్మా."

"తనంతట తనే?"

"తనే."

అమ్మ మేడ మీద ఏడుస్తోందని అక్కకు తెలుస్తూనే ఉంది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు, తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించాయి.

"అయితే లేపకు. లేచేదాకా అక్కడే ఉండు. అన్నం నేను తెస్తాను, ముగ్గురికీ."