మొగిలిగుట్ట రోడ్డు మీద మూడే బండ్లు

నేను ఒక ఎర్ర లైటును. సైకిల్ సీటు కింద, ముఖం వెనక్కి తిప్పుకొని బతకడం నా పని. వెలగడం ఒక్కటే కాదు, వెనక ఏ బండి వస్తున్నా దూరం నుంచే పసిగట్టి హ్యాండిల్ మీది చిన్న తెరకు కబురు పంపుతాను. అక్కడ చుక్క పడుతుంది, కీచుమని మోత వస్తుంది. తొక్కడం అయ్యాక ఎన్ని బండ్లు దాటిపోయాయో కూడా చెబుతాను. ఆ లెక్క ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు. ఒక మనిషిని చావు అంచు దాకా తీసుకెళ్లింది ఆ తప్పులేని లెక్కే.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. అట్టపెట్టె తెరిచి నాకు వెలుగు చూపించినవాడు దామోదర్. హైదరాబాద్‌కు పడమర, శంకర్‌పల్లి దాటాక, మొగిలిగుట్ట పక్కన విల్లా కొనుక్కున్నాడు. గేటు దాటితే స్వర్గమేనని సైకిల్ గుంపులో అందరికీ చెప్పుకున్నాడు. నన్ను తగిలించుకొని ఆ స్వర్గంలో పదకొండు రోజులు తొక్కాడు. నాకు కనిపించినవి కంకర టిప్పర్లు. ఊరి వెనక గుట్టను పిండిచేసే క్రషర్ నుంచి బారులు బారులుగా వచ్చేవి. పన్నెండో రోజు నన్ను ఊడదీసి సొరుగులో పడేశాడు.

ఎనిమిది నెలల తర్వాత రంగు కాగితం చుట్టి, పుట్టినరోజు కానుకగా సైకిల్ గుంపులోని మురహరి చేతిలో పెట్టాడు. తాను వాడని వస్తువును ఎదుటివాడికి ప్రేమగా ఇవ్వడంలో మనుషులను మించినవాళ్లు లేరు.

మురహరి ఫిజియోథెరపిస్టు. ఇతరుల భుజాలు సరిచేసేవాడు. మియాపూర్‌లో సైకిల్ మీద వెళ్తుండగా బస్సు రాసుకుపోయి అతని భుజమే విరిగింది. అప్పుడు భార్య స్వర్ణలత ఒక షరతు పెట్టింది. గేటు దాటగానే భయం లేకుండా తొక్కగలిగే చోట ఇల్లు చూస్తే, పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న స్కూలు మానేసి తానూ వస్తుంది. ఆరు నెలల్లో దొరక్కపోతే సైకిల్ అమ్మేయాలి. మురహరి ఒప్పుకున్నాడు.

ఇల్లు వెతికేవాళ్లు నీళ్లు చూస్తారు, ఆసుపత్రి చూస్తారు. మురహరి నన్ను చూశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక దిక్కుకు వెళ్లి, రెండు గంటలు తొక్కి, నేను చెప్పిన అంకెను ఫ్రిజ్ మీది కాగితంలో రాశాడు. గండిపేట వైపు నూట నలభై. శామీర్‌పేట వైపు రెండు వందలు దాటాయి. ఐదో నెలలో మొగిలిగుట్ట వంతు వచ్చింది. రోడ్డును నేను గుర్తుపట్టాను. టిప్పర్ల కోసం కాచుకొని ఉన్నాను. రెండు గంటల తర్వాత తెర మీద పడిన అంకె మూడు.

వచ్చినవి నిజంగానే మూడు.

దామోదర్‌కు పుణె బదిలీ అయిందట, ఇల్లు అమ్ముతున్నాడట. మురహరి మరో రెండు ఆదివారాలు తొక్కి చూశాడు. మూడు, నాలుగు. స్వర్ణలత స్కూల్లో రాజీనామా ఇచ్చేసింది. సోమవారం పదకొండుకు రిజిస్ట్రేషన్. ఆ సంబరంలో మురహరి, ఆమెను కాగితాలతో క్యాబ్‌లో రమ్మని, తాను పొద్దున్నే మొగిలిగుట్టకు సైకిలెక్కాడు.

ఏడున్నరకు మొగిలిగుట్ట మలుపు తిరిగాం. తెర మీద ఒక చుక్క. రెండు. ఐదు. నా మోత ఆగలేదు. మురహరి తల తిప్పి చూశాడు. పట్టా కప్పని కంకర లోడ్లు, ఒకదాని తోక పట్టుకొని ఒకటి. మొదటి టిప్పర్ గాలికే సైకిల్ ఊగింది. రెండోది ఇంకా దగ్గరగా వచ్చింది. చక్రం రోడ్డు అంచు దిగి కంకరలో జారింది. అతను పడ్డాడు, నేను ఊడి ఎగిరాను. అతని తలకూ టిప్పర్ వెనక చక్రానికీ మధ్య జానెడు ఎడం. ఎగిరొచ్చిన రాయి నా అద్దాన్ని చీల్చింది.

రోడ్డు పక్కన టీకొట్టు నడిపే సత్తెమ్మ పరుగెత్తుకొచ్చి మోకాలు కడిగింది. ఈ టిప్పర్లు ఎప్పటినుంచని అతను అడిగాడు.

"దినాం ఇంతే సార్. ఆదివారం ఒక్కటే క్రషర్ బంద్. మీ సైకిలోళ్లంత ఆదివారమే వస్తిరి, మీకెట్ల తెలుస్తది?"

నన్ను జేబులో వేసుకొని, కుంటుకుంటూ దామోదర్ ఇంటికి నడిచాడు. తలుపు తీసే ఉంది. హాల్లో స్టాండుకు బిగించిన సైకిల్ మీద దామోదర్ చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు. ఎదురుగా టీవీలో పచ్చటి కొండల మధ్య ఖాళీ రోడ్డు పరుగెడుతోంది.

"నీకు తెలుసు కదన్నా," అన్నాడు మురహరి.

దామోదర్ తొక్కడం ఆపాడు. "నేను గూడ ఆదివారమే చూసి కొన్న తమ్మీ." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఈ స్టాండు ఈడనే ఇడిసిపోత. నువ్వే వాడుకో."

అప్పుడే ఫోన్ మోగింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయలుదేరిన స్వర్ణలత. సంతకం పెట్టొద్దని మాత్రం చెప్పగలిగాడు. ఆమె కారణం అడగలేదు. "నిలబడగలుగుతున్నావా?" అని అడిగింది.

గడువు ఇంకా మిగిలే ఉంది. అయినా మురహరి తనే సైకిల్ అమ్మేశాడు. స్వర్ణలత స్కూలుకు వెళ్లి రాజీనామా వెనక్కి తీసుకుంది. ఆదివారం ఆమె స్కూటర్ మీద ఇద్దరూ సత్తెమ్మ కొట్టుకు వచ్చి కూర్చున్నారు. అనుకున్నట్టే దామోదర్ వెంట కొత్త బేరం వచ్చింది. సైకిల్ మీద ఒకావిడ, సీటు కింద నాలాంటి లైటు.

మురహరి జరిగింది చెప్పాడు. ఇల్లు దక్కలేదని కడుపుమంట అని దామోదర్ నవ్వాడు. ఆవిడ తన తెర చూపించింది. రెండే బండ్లు. మురహరి నన్ను ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ చీలిన అద్దం మీద వేలు పెట్టి చూసింది.

"ఇది ఏ రోజు పగిలింది?"

"సోమవారం."

దామోదర్ నవ్వు ఆగిపోయింది. ఆవిడ ఫోన్ తీసి, రేపు సెలవు కావాలని ఆఫీసుకు చెప్పింది.

ఇప్పుడు నేను వెలగను. మురహరి సత్తెమ్మకు ఇచ్చేయడంతో ఆమె కొట్టు గుంజకు వేలాడుతున్నాను. ఆదివారాలు సైకిళ్ల మీద వచ్చి, ఇక్కడ ఇళ్లేమైనా అమ్ముతున్నారా అని అడిగేవాళ్లకు ఆమె ముందు నన్ను చూపిస్తుంది. తర్వాతే చాయ్ పోస్తుంది.

"రేపు పొద్దుగాల రాండ్రి," అంటుంది. "ఈ బెంచీ మీద గంట కూసోండ్రి. చాయ్ పైసలు వద్దు."