కొండ, నది, చివరికి పేరు

శ్రీవల్లి మనుషుల మనసులు బాగుచేసే చదువు చదవాలనుకుంది. ఆ చదువు మాత్రం ఆమె మనసు పనికిరాదని రెండుసార్లు వెనక్కి పంపింది. పనికిరాదంటే చెడిపోయిందని కాదు, చెడిపోవాల్సినంత చెడిపోలేదని.

క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌కి మొదటిసారి అప్లై చేసినప్పుడు అనుభవం చాలదన్నారు. సరేనని టౌరంగా అనే ఊరికి వెళ్ళి, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ళ హోమ్‌లో ఏడాది పనిచేసి వచ్చింది. రెండోసారి, మీ గాయాలతో మీకు పరిచయం ఉన్నట్టు కనిపించలేదన్నారు. ఇంటికొచ్చి గాయాల కోసం గాలించింది. బోటనీ డౌన్స్‌లో సొంత ఇల్లు, ఏనాడూ చెయ్యెత్తని తండ్రి, అడక్కముందే అన్నం పెట్టే తల్లి. ఇలాంటి ఇంట్లో పుట్టడమే ఆమెకు జరిగిన అసలు అన్యాయం. సుఖంగా పెరిగినవాళ్ళ మీద ఆ శాస్త్రానికి ఉన్న అనుమానం పోలీసులకు దొంగల మీద కూడా ఉండదు.

మూడోసారి ఇంటర్వ్యూకి పిలిచారు. మూడుసార్లకు మించి అప్లై చేయనివ్వరు కాబట్టి, ఇది పోతే ఆ తలుపు మూసుకున్నట్టే. పిలుపుతోపాటు ఒక కోరిక కూడా పంపారు. ఇక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతిలో, పెపెహాతో, పరిచయం మొదలుపెట్టాలట. ముందు మన కొండ పేరు, తర్వాత నది, తర్వాత మనవాళ్ళు, చిట్టచివర మన పేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రిని అడిగింది.

"నాన్నా, మన కొండ ఏది?"

కిషన్‌రావు చపాతీ తుంచడం ఆపాడు. "ఎవలడిగిండ్రు?"

"యూనివర్సిటీ వాళ్ళు. మన కొండ, మన నది చెప్పాల్నట."

ఈ దేశానికొచ్చిన నాటినుంచి ఇమిగ్రేషన్ ఫారాలు నింపీ నింపీ కిషన్‌రావుకి ఒక జ్ఞానం కలిగింది. ఆఫీసువాడు ఏది అడిగినా దాని వెనక ఆస్తి లెక్క ఉంటుంది.

"అస్సలు చెప్పకు" అన్నాడు గొంతు తగ్గించి. "ఇయ్యాల కొండ అంటరు, రేపు పట్టా అంటరు, ఎల్లుండి టాక్స్ అంటరు. మాకు కొండల్లేవు, నదుల్లేవు, ఒక టొయోటా ఉన్నదని రాయి."

"మీకు అన్నీ టాక్స్ లెక్కనే కనవడ్తయి" అంది తారాబాయి. "వాళ్ళు మొక్కే కొండ అడుగుతుండ్రు. యాదగిరిగుట్ట అని చెప్పు బిడ్డా. మొక్కు గూడ బాకీ ఉన్నది."

"మొక్కేది కాదమ్మా. మనవాళ్ళు ఏ కొండ కింద పుట్టి పెరిగిండ్రో అది."

ఆస్తి భయం తీరాక కిషన్‌రావు కాసేపు ఆలోచించాడు. "గట్లయితే గద్దగుట్ట ఉండె."

"ఉండె అంటే?"

"ఇప్పుడు లేదు. గ్రానైట్ కంపెనీకి మీ తాతనే దగ్గరుండి ఇప్పిచ్చిండు. ఊరోళ్ళందరితోని సంతకాలు వెట్టిచ్చింది గూడ ఆయననే. గా పైసల్తోనే నేను ఈడికొచ్చిన. గుట్ట పోయి పెద్ద బొంద వడ్డది. బొందల నీళ్ళు నిండితే శాపలు వడ్తుండ్రట. మంచిగనే ఉన్నరు."

తారాబాయి కిచెన్‌లో గ్రానైట్ గట్టు తుడుస్తూ, "ఏమో, ఈ బండ గూడ గా గుట్టదే గావచ్చు. ఒక్క మరక వట్టది" అంది మెచ్చుకోలుగా.

శ్రీవల్లి లేచి వెళ్ళి ఆ బండ మీద చెయ్యి పెట్టింది. కొండ ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉంటారు. లేని కొండ ఎంతమందికుంటుంది? ఏడాదిగా తను వెతుకుతున్న గాయం మీద అమ్మ ఇన్నాళ్ళూ ఉల్లిగడ్డలు కోస్తోంది!

వారమంతా అద్దం ముందు సాధన చేసింది. 'అది ఇప్పుడు లేదు' అన్నాక ఎక్కడ ఆగాలో, చూపు ఎక్కడ దించాలో చూసుకుంది. తను చూడని గుట్ట కోసం గొంతు పట్టుకుంటే అది ఏడుపవుతుందా, నటనవుతుందా అని కూడా ఆలోచించింది. తనను తాను గమనించుకోవడంలో ఆమెది చిన్నప్పటినుంచీ ఆరితేరిన చెయ్యి. గమనించాక ఏంచేయాలో మాత్రం తోచేది కాదు, అందుకని సాధన కొనసాగించింది.

ఇంటర్వ్యూ రోజున బయటి గదిలో ఆమె పక్కన ఒక కుర్రాడు మఫిన్ తింటూ కూర్చున్నాడు. పేరు వినేశ్. మాటలు ఇంగ్లీషులోనే సాగాయి.

"మావాళ్ళు ఫిజీ నుంచి వచ్చారు" అన్నాడు. "మా ముత్తాత తెలుగాయనేనట. చెరుకు తోటల్లో పనికని తెల్లవాళ్ళు ఓడలో ఫిజీకి తీసుకెళ్ళారు."

శ్రీవల్లి గుండె జారిపోయింది. ఓడ! చెరుకు తోటలు! ఓడ ముందు గుట్ట ఏపాటిది?

"మరి ఏ కొండ చెప్తున్నావు?"

"తెలీదని చెప్తా. ఆయనది ఏ ఊరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

"అయ్యో, అదే పెద్ద బాధ కదా!"

"ఓడెక్కింది నేను కాదుగా" అని నవ్వాడు. "నేను ఇక్కడే, మనుకావ్ హాస్పిటల్లో పుట్టా. నా దగ్గర పిల్లలు మాట్లాడతారు. స్కూల్లో నోరు విప్పనివాళ్ళు కూడా. అందుకే ఈ చదువు. మఫిన్ కావాలా?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నిధి మీద కూర్చుని మఫిన్ పంచుతున్నాడు, పిచ్చివాడు.

లోపల ముగ్గురున్నారు. మధ్యలో ప్రొఫెసర్ ఫియోనా, ఎవరేమన్నా తనకే తగిలినట్టు తల ఊపే మనిషి. ఒక పక్కన ఎవరితోనూ కళ్ళు కలపని యువ డాక్టరు. ఇంకో పక్కన వైమారియా అనే మావోరీ పెద్దావిడ.

"నా కొండ గద్దగుట్ట" అంది శ్రీవల్లి. "అది ఇప్పుడు లేదు."

ఆగింది. అద్దం ముందు ఆగినంతసేపూ ఆగింది. ఫియోనా కళ్ళద్దాలు తీసేసింది.

"ఎవరు తీసుకున్నారు?" అని అడిగింది వైమారియా.

ఇది సాధనలో లేని ప్రశ్న. జవాబు శ్రీవల్లికి స్పష్టంగా కనిపించింది. తెల్ల పంచె కట్టుకుని, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తున్న తాత. ఆ మాట చెప్తే గాయం కాస్తా బేరమైపోతుంది. బేరానికి సీటివ్వరు.

"కంపెనీ" అంది.

అబద్ధం కాదు. ఆ మాటతో గదిలో ఎవరి కంపెనీ వాళ్ళకు గుర్తొచ్చింది. యువ డాక్టరు సైతం తలెత్తి చూశాడు.

వైమారియా మెల్లగా అంది. "మా కొండా అంతే. తవ్వి రోడ్ల కింద పరిచారు. రోజూ దాని మీదనుంచే కారు నడుపుకుంటూ పనికొస్తాను." అని లేచి వచ్చి, మావోరీల పలకరింపు పద్ధతిలో శ్రీవల్లి నుదుటికి నుదురూ ముక్కుకు ముక్కూ ఆనించింది. ఆవిడ ఊపిరి వెచ్చగా తగిలింది. కన్నీళ్ళు ఆవిడవే. ఆ క్షణాన శ్రీవల్లికి ఏడుపు రాలేదు, సిగ్గు కూడా రాలేదు. ఫియోనా రాసుకుంటోందా లేదా అన్న ఒక్క ఆలోచనే వచ్చింది.

రాసుకుంటోంది.

సీటు వచ్చింది. నష్టంతో నిజాయితీగా నిలబడగల అరుదైన శక్తి ఉందని మెచ్చుకున్నారు. కిషన్‌రావు కరీంనగర్ నుంచి ఇక్కడి పామర్‌స్టన్ నార్త్ దాకా ఫోన్లు తిప్పి, "మా అమ్మాయి డాక్టరమ్మ అయితుంది, జ్వరానికి కాదు, మెంటల్‌కి" అని చాటాడు.

తారాబాయి ఒక్కతే ఆరా తీసింది. "ఇంతకు ఏం చెప్పినవే వాళ్ళకు?"

శ్రీవల్లి చెప్పింది. తాత సంగతి దాచానని కూడా చెప్పింది.

తారాబాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ తాత ఒక్కసారి అమ్మిండు. నువ్వు లేని గుట్టను మళ్ళ అమ్మినవ్. ఆయన కన్నా నువ్వే నయం బిడ్డా, నీకు సంతకాలు గూడ అవసరం పడలే."

శ్రీవల్లి నవ్వబోయింది. రాలేదు.

తరగతులు మొదలైన కొన్నాళ్ళకు వినేశ్ ఫోన్ చేశాడు. అతనికి సీటు రాలేదు. తన మూలాల నొప్పిని అతను ఇంకా తాకలేదన్నారట. గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది.

"నాకింకా ఒక్క ఛాన్సుంది" అన్నాడు. "దాచకుండా చెప్పు. లోపల నువ్వేం చెప్పావు?"

రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఓడ సంగతి ఎత్తు, ఎత్తి ఆగు. లేదా, నేను చెప్పింది సగమే. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. మొదటిది చెప్తే వచ్చే ఏడు వీడూ తనలాంటివాడే అవుతాడు. రెండోది చెప్తే తన సీటు వీడి చేతిలో ఉంటుంది. ఆమె కుర్చీలో కాస్త ముందుకు వంగింది. గొంతు అర స్థాయి దించింది, క్లాసులో నేర్పినట్టే.

"నేనేం చెప్పానో తెలుసుకోవడం నీకు ఎందుకంత ముఖ్యమనిపిస్తోంది, వినేశ్?"



"థాంక్స్, డాక్టర్" అని అతను ఫోన్ పెట్టేశాడు.