పేరు వెనక పేరు

"భోజనాలవేళయింది, ఆ సాలీళ్ల సంసారం కాస్త అవతల పెట్టమ్మా" అన్నారు అత్తగారు.

ఆమె మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, స్పిరిట్ సీసాలు అలమరలో సర్ది, బల్ల తుడిచింది. మ్యూజియంలో భర్తకి ఒక గది, తలుపు మీద పేరు ఉన్నాయి. ఆమెకు ఈ బల్ల ఉంది, అదీ పూటకీ పూటకీ మధ్యన. ఇద్దరిదీ ఒకటే చదువు. పాప పుట్టాక ఆమె ఉద్యోగం మానేసింది గానీ పని మానలేదు. దాన్ని ఇంట్లో "సాయం" అంటారు.

ఈ తోడేలు సాలీడు ఆ సాయంలో దొరికిందే. గూడు అల్లుకోదు, నేల మీద పరిగెత్తి వేటాడుతుంది. ఇన్నేళ్లూ దాన్ని పాత జాతి కిందే జమకట్టి సీసాలో పడేశారు. ఆడదాని పొట్ట కింది పలక ఆకారం వేరని పట్టుకున్నది ఆమె. పాత నమూనాలు తెప్పించి పోల్చింది, బొమ్మలు గీసింది, వర్ణన రాసింది.

భోజనాల దగ్గర భర్త తీరిగ్గా చెప్పాడు. "కొత్త జాతికి నీ పేరు పెడుతున్నాను. పిల్లల్ని వీపున మోసే తల్లి కదా, అచ్చం నువ్వే."

అత్తగారు మురిసిపోయారు. "ఏ మొగుడు చేస్తాడమ్మా ఇలాంటి పని?"

ఆమెకు మింగుడు పడలేదు. పేరు పెట్టేవాళ్లు తమ పేరే పెట్టుకోకూడదన్నది ఆ రంగంలో అందరూ పాటించే మర్యాద. ఈ కానుక పుచ్చుకుంటే, పెట్టినవాళ్లలో తను ఉండదు. జాతి పేరు వెనక ఎప్పటికీ నిలిచేది వ్యాసం రాసి పేరు పెట్టినవాళ్ల ఇంటిపేర్లే. గుమ్మం బయట నిలబెట్టడం ఇంత ముద్దుగా కూడా జరుగుతుందన్నమాట. మంచి తల్లివి అంటూ ఎన్నిసార్లు తన నోరు మూయించారో, అది మెచ్చుకోలనుకుని తనూ ఎన్నిసార్లు మూసుకుందో.

"వ్యాసం ఎవరి పేరుతో వెళ్తోంది?"

"నాదీ, మ్యూజియం డైరెక్టర్ గారిదీ."

"ఆయన ఆ సాలీడుని చూశారా?"

అతను పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "మనిద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా. నాది ఉంటే నీదీ ఉన్నట్టే."

"నా డిగ్రీ పట్టా మీద ఉన్నది పుట్టింటివాళ్ల ఇంటిపేరు. అది ముందు రావాలి, నీది తర్వాత. ఆయనది అక్కర్లేదు. సాలీడుకి దాని పరుగును బట్టి నేనే పేరు పెడతాను."

"ఆయనకేం చెప్పను?"

"చూసినవాళ్లే రాశారని చెప్పు. కాదంటే నా బొమ్మలు, నా వర్ణన లేకుండా పంపుకో."

"ఇంత చిన్న విషయానికి..."

"చిన్నదే అయితే ఒప్పుకో."

కొన్నాళ్లు అతను వ్యాసం కదపలేదు. ఆమె బతిమాలలేదు. చివరికి ఆమె చెప్పిన వరసలోనే వ్యాసం వెళ్లింది, అచ్చయింది.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. పక్కగదిలో అత్తగారి గొంతులో ఉన్నది నిష్ఠూరమో గర్వమో తేల్చుకోవడానికి ఆమె గీస్తున్న బొమ్మ ఆపలేదు.

"కాదే, దానికి పెట్టింది మీ వదిన పేరు కాదు. మీ వదినే పెట్టింది."