బర్నబా గారి ప్రథమ ఫలం

ఇస్నాపూర్‌లో పంటలు పోయి చాలా ఏళ్లయినా పంట పండుగ మాత్రం పోలేదు. పొలాలు ఫ్యాక్టరీల కిందికి వెళ్లాయి, మిగిలిన ముక్కల్లో కిరాయి గదులు లేచాయి, బోరు వేస్తే చాయ్ రంగు నీళ్లు పడుతున్నాయి. అయినా ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం సంఘస్థులంతా తమ ప్రథమ ఫలాలు, అంటే దేవుడికిచ్చే తొలి పంట, మోసుకుని చర్చికి వచ్చేవారు. ఆ ఫలాలన్నీ ముందురోజు పటాన్‌చెరు మార్కెట్లో బేరమాడి కొన్నవే. ఒకాయనైతే తమ ఫ్యాక్టరీలో తయారైన జ్వరం మాత్రల డబ్బా తెచ్చి వేదిక ముందు పెట్టాడు. ఎవరి పంట వాళ్లది, దేవుడు కాదంటాడా!

పాస్టరు గారు దీవించాక ఆ సరుకంతా షామియానా కింద హర్రాజు వేసేవారు. పది రూపాయల ఆనపకాయను వందకు పాడినవాడు ఆ ఏడాదికి పెద్దమనిషి. అలాంటి పెద్దమనుషులు సంఘంలో ఇద్దరు. ఒకరు బర్నబా, గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. రెండోవారు అహరోను, నీళ్ల ట్యాంకర్ల యజమాని. ఊళ్లో బోర్లు చెడిపోయిన కొద్దీ ఆయన బాగుపడ్డాడు. కిందటి పండుగకు నాటుకోడి కోసం పోటీపడి అహరోను దాన్ని ఎగరేసుకుపోయాడు. అప్పటినుంచి ఎక్కడ కోడి కూసినా బర్నబాకు ఒళ్లు మండేది.

ఆ బర్నబా ఇంట్లో ముత్యమ్మ ఉంటుంది. పదిహేనేళ్ల పిల్ల. తల్లిదండ్రులు పోతే సంగారెడ్డి మిషన్ హాస్టల్లో పెరిగింది. బర్నబాకు, ఆయన భార్య లీలమ్మకు పిల్లలు లేరు. దత్తత తీసుకుంటామని, ముందు కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూస్తామని వార్డెన్ సౌభాగ్యమ్మకు మాటిచ్చి పిల్లను తెచ్చుకున్నారు. చూడటం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

లీలమ్మ బడిలో టీచరు. ఊరి పిల్లలకు ప్రేమ, కరుణ, సత్యం గురించి పాఠాలు చెబుతుంది. ఇంట్లో ముత్యమ్మ చదువు మాత్రం ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తెల్లారకముందే ట్యాంకర్ దగ్గర పైపు పెట్టి నీళ్లు పట్టడం, అంట్లు, బట్టలు, వంట. పడక వంటింట్లో. పిలుపు "పిల్లా". ఆమె వాళ్లను పిలవాల్సింది "సారూ", "టీచరమ్మా" అని.

అయితే చుట్టాలు వస్తే కథ మారిపోయేది. "మా బిడ్డ ముత్యమ్మ" అని లీలమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకునేది. లోపలి అర్ర తాళం తీసి, "ఇది మా బిడ్డ అర్ర" అని చూపించేది. అందులో కొత్త మంచం, దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పరుపు. చుట్టాలు చూసి, కళ్లు తుడుచుకుని, ఉప్మా తిని వెళ్లేవారు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే అర్రకు తాళం పడేది, ముత్యమ్మ చేతికి ఉప్మా గిన్నె వచ్చేది.

ఇంటికి చుట్టాలొస్తే చాకిరీ చేసే ఏ పిల్లైనా గొణుగుతుంది. ముత్యమ్మ మాత్రం చుట్టాలు రావాలని రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేసేది.

దసరా సెలవుల్లో సౌభాగ్యమ్మ వచ్చింది. గడపలో నిలబడే మాట్లాడింది.

"బర్నబా గారూ, బిడ్డలెక్క సాదుకుంటమని తీస్కపోయిండ్రు. పంట పండుగకు నేనొస్త. పదిమంది ముందల మా బిడ్డే అని చెప్పుండ్రి, తెల్లారి కాయితాలు రాసుకుందం. లేకుంటే నాతోని తోలుండ్రి. పదో తరగతి నేను రాపిస్త."

ఆమె వెళ్లగానే లీలమ్మ మొగుడి మీద పడింది. "పిల్ల పోతే నీళ్లెవలు పడ్తరు? అంట్లెవలు తోమ్తరు? ఇయ్యాల్రేపు పనిమనుషులు యాడ దొర్కుతున్నరు? సంఘం ముందల బిడ్డ అని ఒక్క మాటంటే మన సొమ్మేం పోతది?"

వంటింట్లో బియ్యం ఏరుతున్న ముత్యమ్మ ఈ మాటలన్నీ విన్నది. చేటలో రాళ్లు తీసేసినట్టే ఆ మాటల్లోంచి నీళ్లు, అంట్లు తీసి పారేసింది. 'బిడ్డ' ఒక్కటి మిగుల్చుకుంది. ఆ సాయంత్రమంతా ఆమెకు కాళ్లు నేల మీద ఆనలేదు.

స్నానాల గది వెనక ఆమె పెంచిన గుమ్మడి తీగ ఒకటుంది. బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచింది. దానికి ఒకే ఒక్క కాయ, రెండు చేతులా ఎత్తాల్సినంత కాయ. ఆ ఏడాది ఇస్నాపూర్ సంఘంలో నిజంగా పండిన పంట అదొక్కటే. ముత్యమ్మ రోజూ దాని పక్కన కూర్చుని "నాన్నా" అని పిలిచి చూసుకునేది. మొదట్లో గొంతులో ఏదో అడ్డం పడేది. పండుగ దగ్గరపడేసరికి మాట నున్నగా రావడం మొదలైంది. గుమ్మడికాయకు ఒక కూతురు ఖాయమైంది.

పండుగ రోజు లీలమ్మ ఆమెకు కొత్త లంగా ఓణీ కట్టించింది, జడలో పూలు కూడా పెట్టింది. గుమ్మడికాయ మీద "బర్నబా గారి కుటుంబం" అని చీటీ అంటించింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. ముత్యమ్మకు ఆ ఊసే తట్టలేదు. ఆ 'కుటుంబం'లో తానూ ఉన్నానని పొంగిపోయింది.

హర్రాజు మొదలైంది. పాట పెట్టేది చిన్నరాములు, గొంతున్న మనిషి. అహరోను ఒక పొట్టేలు తెచ్చి దేవుడికిచ్చాడు. ఇచ్చిన పొట్టేలును తానే అందరికన్నా ఎక్కువకు పాడుకున్నాడు. షామియానా దద్దరిల్లేలా చప్పట్లు. బర్నబా ముఖం వంకాయలా నల్లబడింది. ఆయన దగ్గర పొట్టేలు లేదు. ఉన్నదల్లా ముత్యమ్మ.

లేచి వెళ్లి మైకు లాక్కున్నాడు.

"పొట్టేళ్లు, కోళ్లు ఎవలన్న ఇస్తరు. పైసలుంటే సాలు. నేను ఇయ్యాల దేవుని ముందల నా ప్రథమ ఫలం పెడ్తున్న. దిక్కులేని పిల్లను తెచ్చిన, కడుపుల పెట్టుకొని సాదిన. ఇయ్యాల్టి సంది ముత్యమ్మ నా బిడ్డ!"

"హల్లెలూయ!" అని సంఘం ఊగిపోయింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. లీలమ్మ అందరికన్నా ముందు అద్దుకుంది. పోటీ అంటే నోరాగని అహరోను దిగ్గున లేచి, "గట్లయితే నేను ఇద్దర్ని తెచ్చి సాదుత!" అని అరిచాడు. ఆయన భార్య దేవమ్మ చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. లేకపోతే బర్నబా మూడుకు పాడేవాడు.

ముత్యమ్మకు ఇవేవీ చెవికెక్కలేదు. 'నా బిడ్డ' అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. అంత సంతోషం ఆమె బతుకులో ఎన్నడూ లేదు.

చప్పట్లు కొట్టనిది సౌభాగ్యమ్మ ఒక్కతే. "పిల్లను గూడ ఒక మాట మాట్లాడనియ్యుండ్రి" అంది.

"సాక్ష్యం చెప్పు బిడ్డా" అని బర్నబా మైకు ఆమె చేతికిచ్చాడు.

"నాన్నా" అంది ముత్యమ్మ. గొంతులో ఏమీ అడ్డం పడలేదు. సంఘమంతా ఒక్కసారి నిట్టూర్చింది. "నాన్నా, ఇయ్యాల్టి సంది నేను లోపలి అర్రల పండుకోవాల్నా?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మైకు మాత్రం ఆ మాటను రోడ్డు దాకా మోసుకెళ్లింది. ఆ అర్ర చూసి, కన్నీళ్లు పెట్టుకుని, ఉప్మా తిని వెళ్లినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గవన్ని ఇంటికాడ మాట్లాడుకుందం బిడ్డా" అన్నాడు బర్నబా, నవ్వు చెదరకుండా.

"ఇంటికాడ నేను బిడ్డను కాను గద నాన్నా. ఈడనే చెప్పుండ్రి."

అహరోను కూడా నవ్వలేదు. ముత్యమ్మ లీలమ్మ వైపు చూసింది. తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే ఉంటుంది. 'ఆ అర్ర నీదే' అంటే చాలు. అబద్ధానికి అన్నా చాలు, ముత్యమ్మ నమ్మడానికి సిద్ధంగా ఉంది. లీలమ్మ తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. చాలాసేపు సర్దుకుంది.

చిన్నరాములు గబుక్కున గుమ్మడికాయ ఎత్తాడు. "బర్నబా గారి కుటుంబం కాయ! యాభై!"

"వంద!" అన్నాడు అహరోను.

"రెండొందలు!" అన్నాడు బర్నబా. ఆయన ముఖంలో ప్రాణం లేచొచ్చింది.

ముత్యమ్మ మైకును మెల్లగా బల్ల మీద పెట్టి సౌభాగ్యమ్మ దగ్గరికి నడిచింది. "పోదాం అమ్మా" అంది.

ఇద్దరూ బస్టాపులో నిలబడ్డారు. గాలిలో ఎప్పటిలాగే మందుల వాసన. సంగారెడ్డి బస్సు దూరంగా కనిపిస్తుండగా వెనక నుంచి స్కూటర్ హారన్ మోగింది. బర్నబా. కాళ్ల మధ్య గెలుచుకున్న గుమ్మడికాయ, చెమటలు కక్కుతున్న ముఖం.

"ముత్యమ్మా! ఆగు బిడ్డా, ఆగు!"

బిడ్డా అన్నాడు. ఇక్కడ మైకు లేదు, సంఘం లేదు, అహరోను లేడు. ముత్యమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. సౌభాగ్యమ్మ చెయ్యి వదిలేసి ఆయన వైపు పరుగున వెళ్లింది.

బర్నబా స్కూటర్ ఆపి, ఆయాసం తీర్చుకున్నాడు.

"తెల్లారితే ట్యాంకర్ వస్తది. టీచరమ్మ అడ్గుమన్నది. నీళ్ల పైపు యాడ వెట్టినవే?"

ముత్యమ్మ ఆయనను, ఆ కాయను చూసింది.

"తానాలర్ర ఎన్క, గుమ్మడి తీగ కింద ఉన్నది, సారూ" అని చెప్పి వెళ్లి బస్సెక్కింది.