అరణపు పలుపు

లాంతరు అద్దాన్ని కంబళిలో చుట్టి, ఆ చుట్టను డేరా గుడ్డ మడతల్లోకి దూర్చి, కిరసనాయిలు సీసాను మాత్రం బియ్యానికి ఎదురు పక్కన వేలాడదీసి, ఆండాలు ఫట్‌ఫటీ మోటారు సైకిలుకు మోకాలు ఆనించి తాడు బిగించింది. ఛత్రినాకలో మొగుడు రామ్‌చందర్ ఇంటి వాకిట్లో తెల్లవారుతుండగా జరిగే ఈ పూజకు షికారు అని పేరు. పూజ ఆమెది, ప్రసాదం ఆయనది.

కట్టుకున్నవాడికి కట్టడం రాదు. ఆమె మెడలో మూడు ముళ్లు పడ్డాయంటే పురోహితుడు పక్కనుండి చెయ్యి వేయబట్టి. ఒకసారి నేనే కడతానంటూ పనిగట్టుకుని కట్టాడు. లాల్‌దర్వాజ దాటకముందే పంపు పొయ్యి ఒకవైపు, గిన్నెలు ఒకవైపు ఎవరి షికారుకు అవి బయల్దేరాయి. అప్పటినుంచి కట్టడం ఆమె వంతు, దోస్తుల ముందు “నేనే కట్టిన” అనడం ఆయన వంతు. కట్టు ఆమెది, కట్టుకథ ఆయనది.

ఆండాలు చాంద్రాయణగుట్ట పాలవాళ్ల పిల్ల. ఆఫీసు గుమాస్తా పాలబడింది. పెళ్లినాడు తల్లి బాలమ్మ, దూడతో సహా ఒక బర్రెను కూతురికి అరణంగా ఇచ్చి పంపింది. ఆ బర్రె పాలతో కాచిన చాయ్ ఊదుకుంటూనే రామ్‌చందర్ ముక్కు మూసుకునేవాడు. “ఇల్లంత పేడకంపు. నువ్వు దగ్గరకొస్తె బర్రె వచ్చిందో పెండ్లాం వచ్చిందో సమజ్ కాదు.” బతుకమ్మ పండక్కి పుట్టింటికి పోయి ఆమె తిరిగివచ్చేసరికి కొట్టంలో బర్రె లేదు, దూడ లేదు. వాటి చోట ఫట్‌ఫటీ నిలబడి నూనె కారుస్తోంది. పాలిచ్చేది పోయి పొగ ఇచ్చేది వచ్చింది. “నీ బర్రెనే ఇది. గిప్పుడు ఉరుకుతది, గంతే ఫరక్,” అని నవ్వాడు. అత్త నాగమణమ్మ అయితే తన తెలివికి తనే మురిసిపోయింది. “కొన్నోడు పలుపుతోనే గుంజుకపోతుండె. నేనే అడ్డం వడ్డ. బర్రెను అమ్మినోళ్లు పలుపు ఇయ్యరు పిల్లా! ఇస్తె ఇంటి లచ్చిమి దానెంట పోతది.” అలా కోడలి బర్రె బజారుకు పోయింది, లచ్చిమి మాత్రం కొట్టం గోడకు వేలాడింది. బర్రెదొక పలుపు, దూడదొక పలుపు. ఏ షికారుకైనా ఆండాలు సామాను కట్టేది ఆ తాళ్లతోనే. ముడి వేసిన ప్రతిసారీ ఆ తాడు చివర ఒక మెడ ఉన్నట్టే ఉంటుంది ఆమెకు. ఎవరి మెడ అన్నది మాత్రం ఆలోచించదు.

ఈ పొద్దు కట్టడంలో ఒక తేడా ఉంది. అంతా పక్కలకు సర్ది, వెనక సీటు ఖాళీగా ఉంచింది. అది తనకు. తమ్ముడు రాజన్న మొన్న వచ్చి వాకిట్లోనే నిలబడి చెప్పాడు. “అమ్మ గంజి గూడ మింగుతలేదక్కా. ఏ బండి చప్పుడైనా, ఆండాలు వచ్చిందారా అంటున్నది.” చాంద్రాయణగుట్ట కాళ్లకు దూరం కాదు, కట్టుబాటుకు దూరం. మొగుడు దింపందే పుట్టింటి గడప తొక్కొద్దని అత్త శాసనం. రామ్‌చందర్ ఆ రోజు రాజన్న భుజం తట్టాడు. “మహేశ్వరం చెరువుకాడ డేరా ఎయ్యవోతున్నం, బాతుల షికారు. మీ ఇల్లు తొవ్వలనే ఉన్నది. దింపుత, ఫికర్ చెయ్యకు.” నిరుడు తండ్రి పోయే ముందూ ఇదే మాట. అప్పుడు ఆ సీటెక్కింది గ్రామఫోను. “అది కీ ఇస్తెనే పాడతది. నువ్వు కీ ఇయ్యకుండనే పాడతవు,” అన్నాడు. దోస్తులు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె చేరేసరికి తండ్రి పడుకునే చోట దీపం పెట్టి ఉంది.

గల్లీలో ఇంకో ఫట్‌ఫటీ ఆగింది. రామ్‌చందర్ పై అధికారి అమరనాథ్. ఆయన వెనక ఒక మడత మంచం.

“రామ్‌చందర్ భాయ్, నా బండిమీద ఇది నిలుస్తలేదు. నేల మీద పండుకుంటె నా నడుము పట్టేస్తది.”

“మా బండి లేదా సాబ్!” రామ్‌చందర్ ఫట్‌ఫటీని గల్లీలోకి తోసి, ఎక్కి కూర్చుని కాళ్లు ఆనించాడు. “ఏయ్ ఆండాలూ, గీ మంచం సీటు మీద కట్టు.”

ఆమె ముసుగు సర్దుకుని గొంతు తగ్గించింది. “మరి నేను?”

“వచ్చినంక సూద్దాం తీ. మీ అమ్మ మంచం దిగి ఏడికన్న ఉరుకుతదా?”

అమరనాథ్ కిసుక్కున నవ్వాడు. గడపలోంచి నాగమణమ్మ అందుకుంది. “మొగోళ్లు బయల్దేరంగనే దీనికి పుట్టిల్లు యాదికొస్తది. కట్టు, కట్టు.”

అమరనాథ్ సామాను చుట్టూ తిరిగి చూసి తాడు మీద చెయ్యి వేశాడు. “కమాల్ ముడి భాయ్! ఎవరు కట్టిండ్రు?”

“ఇంకెవరు సాబ్? నేనే,” అన్నాడు రామ్‌చందర్.

ఆండాలు మంచం పట్టుకుని నిలబడింది. ఈ మంచం తేలిగ్గా ఉంది. అమ్మ మంచం దీనికంటే బరువు, అయినా ఇప్పుడు అమ్మే దానికి బరువు కాకుండా పోయి ఉంటుంది. సాబ్ నడుముకు మంచం కావాలి, మంచానికి సీటు కావాలి, సీటుకు తాడు కావాలి. ఇన్నిటికీ కావలసినది ఆమె చెయ్యి ఒక్కటే, మిగతా ఆమె అక్కర్లేదు. సాయంత్రానికి అమ్మ చప్పుళ్లు వినడం మానేస్తుంది. అప్పుడు ఈయన తప్పకుండా దింపుతాడు, దీపం చూసి రావడానికి.

ఆమె మంచాన్ని గోడకు ఆనించింది. పలుపు కొస పట్టుకుని గుంజింది. డేరా ఒక పక్కకు ఒరిగింది, గిన్నెలు గల్లీలో దొర్లాయి, లాంతరు అద్దం కంబళిలోనే పగిలి మర్యాదగా చప్పుడు చేసింది. ఒరుగుతున్న ఫట్‌ఫటీని రామ్‌చందర్ రెండు కాళ్లతో అదిమిపట్టాడు. దిగితే బండి పోతుంది, దిగకపోతే పెళ్లాం పోతుంది. బండినే పట్టుకున్నాడు.

“పిచ్చి లేసిందా? సాబ్ ముంగట ఇజ్జత్ తీస్తవా? వచ్చి కట్టు!”

ఆండాలు రెండో పలుపూ విప్పి, రెండిటినీ చుట్టగా చుట్టి భుజాన వేసుకుంది. కట్టుబట్టలతో, కట్టని ముళ్లతో గల్లీ మలుపు దాకా నడిచింది.

“ఆ తాళ్లు ఏడికి తీస్కపోతున్నవే?” గడప మీంచే అరిచింది నాగమణమ్మ.

ఆండాలు ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

“బర్రె ఎవరిదో పలుపు వాళ్లది అత్తా. లచ్చిమి నా ఎంట వస్తె రానియ్యి.”